అడ్వాన్స్ కట్టకముందు మా మరదలి సర్టిఫికెట్లు బయటికి తీయి

ప్రశ్న: అక్కా, నాకు 37 ఏళ్లు. ఎం.టెక్ చేసి హన్మకొండ దగ్గర ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తున్నాను. జీతం 38 వేలు, అదీ రెండు నెలలకోసారి పడుతుంది. నా భార్యకు 33, బీఎస్సీ నర్సింగ్ చేసి ఇక్కడే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఎనిమిదేళ్లుగా స్టాఫ్ నర్సు. పాప నాలుగో తరగతి, బాబుకు నాలుగేళ్లు. కెనడా వెళ్లి స్థిరపడాలని ఉంది. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఆరున్నర లక్షలిస్తే ఏడాదిలో పీఆర్ (శాశ్వత నివాసం) గ్యారంటీ అంటున్నారు, నెలాఖరులోపు లక్షన్నర అడ్వాన్స్ కట్టమంటున్నారు. ఆలస్యమైతే ముందు నేనొక్కడినే విజిటర్ వీసా మీద వెళ్లి ఉద్యోగం చూసుకుని వీళ్లను పిలిపించుకోవచ్చట. నర్సంపేట దగ్గర బాపు పేరున మూడెకరాలుంది. ఒక ఎకరం అమ్ముదామంటే బాపు ఒప్పుకోవడం లేదు, ఇంట్లో రోజూ లొల్లి. బాపుకు షుగర్, అమ్మకు మోకాళ్ల నొప్పులు. చెల్లె కరీంనగర్‌లో ఉంటది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏజెంటు గురించి, భూమి గురించి, బాపు గురించి బాగానే రాశావు కానీ నీ భార్య గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశావు. నువ్వు అడిగినదానికి సగం జవాబు ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. ఇంకో మాట, ఆమెకు వెళ్లాలని ఉందో లేదో ఉత్తరంలో ఎక్కడా కనబడలేదు. ముందు అది అడుగు. ఊరికే "పోదామా?" అని కాదు, "నీ డిగ్రీ మీద పోదామా, అక్కడ మళ్లీ పరీక్ష రాయాలి, రాస్తావా?" అని అడుగు. ఎందుకు అట్లా అడగమంటున్నానో లెక్క వేసి చెప్తాను.

కెనడా పీఆర్‌కు ఇప్పుడు పెద్ద దారి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ. మేము వెళ్లిన 2010లో ఇది లేదు, 2015 జనవరిలో మొదలైంది. మా కాలంలో పాస్ మార్కులు దాటితే ఫైలు పెట్టి వరుసలో నిలబడితే చాలు, ఇప్పుడు వరుస లేదు, మార్కుల్లో పోటీ. వయసు, చదువు, ఇంగ్లిషు, ఉద్యోగ అనుభవం, భార్యాభర్తల్లో రెండోవాళ్ల చదువు, అన్నీ కలిపి 1200కు ఒక స్కోరు వేస్తారు, దాన్ని సీఆర్‌ఎస్ అంటారు. వాళ్లు ఎప్పటికప్పుడు డ్రా తీసి ఫలానా స్కోరు పైన ఉన్నవాళ్లను పిలుస్తారు. పిలుపు వస్తేనే దరఖాస్తు. పిలుపు రాకపోతే ఏజెంటు దగ్గర ఎన్ని లక్షలున్నా ఏమీ చేయలేడు.

నిన్ను ముఖ్య దరఖాస్తుదారుగా పెట్టి చూశాను. 37 ఏళ్లకు 60 పాయింట్లు, ఎం.టెక్‌ను మాస్టర్స్‌గా లెక్కిస్తే 126. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిషు పరీక్షలో లిజనింగ్ 8, మిగతా మూడింట్లో 7 చొప్పున తెచ్చుకుంటే 116. చదువుకూ అనుభవానికీ ఇంగ్లిషు తోడైనందుకు ఇంకో 100. మా మరదలి, అదే నీ భార్య, డిగ్రీకి 8, ఆమె కూడా నీలాగే ఐఈఎల్‌టీఎస్ కొడితే 20. మొత్తం 430. ఇప్పుడు అదే కుటుంబాన్ని తిప్పి, ఆమెను ముందు పెట్టి చూడు: వయసుకు 80, డిగ్రీకి 112, ఇంగ్లిషుకు 116, కలగలుపు పాయింట్లు 75, నీ ఎం.టెక్‌కు 10, నీ ఇంగ్లిషుకు 20. మొత్తం 413.

నీదే ఎక్కువ కదా అంటావు. ఆగు. 2023 నుంచి కెనడా వాళ్లు తమకు అవసరమైన పనులవాళ్లకు విడిగా డ్రాలు తీస్తున్నారు. ఆరోగ్య సేవలు అందులో ఒకటి, స్టాఫ్ నర్సు అందులోకి వస్తుంది. ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరర్ 2025 నాటి ఏ జాబితాలోనూ లేడు. 2025లో కెనడాలోనే పని చేసిన అనుభవం ఉన్నవాళ్ల డ్రాలు కూడా 500 పైనే ఆగాయి, నీకు ఆ అనుభవమూ లేదు. ఆరోగ్య సేవల డ్రాలు మాత్రం ఏడాది రెండో సగంలో 470 చుట్టుపక్కలకు దిగాయి. అంటే నీ 430తో నువ్వు ఎక్కాల్సిన గోడ చాలా ఎత్తు, ఆమె 413తో ఎక్కాల్సిన గోడ అంతకంటే తక్కువ ఎత్తు. అయినా ఈ రోజు లెక్కలో ఇద్దరికీ అందదు. దీన్ని దాచి "గ్యారంటీ" అని రాసిచ్చేవాడి దగ్గర లక్షన్నర పెట్టమని నేనెట్లా చెప్తాను?

గ్యారంటీ అన్న మాట వినగానే లేచి వచ్చేయాల్సింది అసలు. కెనడా చట్టం ప్రకారం డబ్బు తీసుకుని ఈ పని చేసేవాళ్లు ఆ దేశపు ఇమిగ్రేషన్ కన్సల్టెంట్ల కాలేజీలో (బడి కాదు, లైసెన్సులిచ్చే సంస్థ) లైసెన్సు ఉన్నవాళ్లో, అక్కడి లాయర్లో, క్యూబెక్ నోటరీలో అయి ఉండాలి. లైసెన్సు ఉన్న కన్సల్టెంట్ల పేర్లన్నీ ఆ కాలేజీ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. "మీ తరఫున సంతకం పెట్టేది ఎవరు, లైసెన్సు నంబరెంత?" అని అడుగు. నీళ్లు నమిలితే సంగతి తెలిసిపోతుంది. మన జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో గల్ఫ్ ఏజెంట్ల చేతిలో మోసపోయినవాళ్ల కథలు వింటూ పెరిగినవాళ్లం మనం, అయినా ఏసీ ఆఫీసు, టై కట్టుకున్న పిల్లగాడు కనబడగానే మెత్తబడిపోతాం. గల్ఫ్‌కు పంపే రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు కూడా 30 వేలు, పైన జీఎస్‌టీ, అంతే. ఇక్కడ నీకు ఆరున్నర లక్షలు చెప్తున్నారు, ఉద్యోగం కూడా లేకుండా.

విజిటర్ వీసా సలహా ఇచ్చినవాడు మాత్రం నిన్ను నేరుగా గుంతలో దింపుతున్నాడు. విజిటర్‌గా వెళ్లినవాడు అక్కడ పని చేయకూడదు. కరోనా కాలంలో విజిటర్‌గా వచ్చినవాళ్లు దేశం లోపల నుంచే వర్క్ పర్మిట్‌కు పెట్టుకునే వెసులుబాటు ఒకటి ఉండేది, దాన్ని 2024 ఆగస్టు 28న తీసేశారు. ఇప్పుడు వెళ్తే ఎవరో ఒకరి బేస్‌మెంట్‌లో ఉండి, చేతికి పైసలిచ్చే పని దొంగతనంగా చేయాలి. దొరికితే రేపటి పీఆర్ కూడా పోతుంది. ఉద్యోగం ఆఫర్ లెటర్ ఇప్పిస్తామని ఎవరన్నా పైసలు అడిగినా పడకు, 2025 మార్చి 25 నుంచి ఆఫర్ లెటర్‌కు సీఆర్‌ఎస్‌లో పాయింట్లే లేవు.

మరి 413ను పైకి లాగేదెట్లా? పెద్ద మీట ఐఈఎల్‌టీఎస్. నేను పైన వేసిన లెక్క మీరిద్దరూ ఇంగ్లిషులో మంచి మార్కులు తెచ్చుకుంటారనుకుని వేసింది. నాలుగింట్లోనూ 6 మాత్రమే వస్తే ఆమె స్కోరు 413 కాదు, 316 దగ్గర ఆగిపోతుంది. దాదాపు వంద పాయింట్లు తేడా, అదీ 18 వేల రూపాయలకు అటూఇటూ ఉండే ఒక పరీక్ష మీద! జనరల్ ట్రైనింగ్ అనే రకం రాయాలి, అకడమిక్ కాదు, ఇక్కడ తప్పు ఫారం నింపి పైసలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. రిజల్టు రెండేళ్లు చెల్లుతుంది. మనవాళ్లకు చదవడం, వినడం వస్తాయి, రాసేదగ్గర 6 దగ్గర ఇరుక్కుంటారు. నైట్ డ్యూటీ చేసొచ్చిన మనిషి పొద్దున పిల్లల టిఫిన్ బాక్సులు కట్టి, మధ్యాహ్నం వ్యాసాలు రాయమంటే ఎట్లా రాస్తుంది? కాబట్టి ఆరు నెలలు పిల్లల్నీ వంటనీ నువ్వు చూసుకో. నీ ప్లానింగ్‌లో మొదటి మెట్టు ఇదే, హాస్యానికి చెప్పడం లేదు.

ఆ తర్వాత రాష్ట్రాల నామినేషన్. కెనడాలో రాష్ట్రాలు తమకు కావాల్సినవాళ్లను తామే ఎంచుకుంటాయి, ఎంచుకుంటే 600 పాయింట్లు కలుస్తాయి, ఇంక దాదాపు పని అయిపోయినట్టే. నర్సుల కొరత లేని రాష్ట్రం అక్కడ లేదు. ఎక్కువమంది టొరంటో, వాంకూవర్ తప్ప వేరే ఊరి పేరు వినరు, మీరు చిన్న ఊళ్ల వైపు చూస్తే దారి వెడల్పవుతుంది. నర్సంపేటలో పుట్టి పెరిగినవాడికి చిన్న ఊరంటే భయమెందుకు?

అయితే పీఆర్ వేరు, నర్సుగా పని చేసే లైసెన్సు వేరు. ఇది చాలామందికి అక్కడ దిగాకే తెలుస్తుంది. రిజిస్టర్డ్ నర్సుగా చేరాలంటే ఎన్‌క్లెక్స్ అనే పరీక్ష పాసవ్వాలి, ఆ రాష్ట్రంలో నర్సులకు లైసెన్సులిచ్చే సంస్థలో (దాన్నీ కాలేజీ అనే అంటారు) పేరు నమోదు కావాలి. నేను పని చేసిన చోట కేరళ నుంచి వచ్చిన ఒకామె పన్నెండేళ్ల ఐసీయూ అనుభవం పెట్టుకుని మూడేళ్లు వృద్ధాశ్రమంలో సహాయకురాలిగా చేసింది, కాగితాలు తెప్పించుకోవడం ఆలస్యమై. ఆమె చెప్పిన మాట గుర్తుంది, ఇండియాలో ఉండగా అయితే బస్సెక్కి వెళ్లి అడిగేదాన్ని, ఇక్కడి నుంచి ఫోను చేస్తే ఎత్తేవాడు లేడు అని.

అందుకే శీర్షికలో సర్టిఫికెట్లు అన్నాను. మా మరదలు చదివిన సంవత్సరాలు చూస్తే ఆమె డిగ్రీ విజయవాడ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం నుంచి వచ్చి ఉంటుంది. మన వరంగల్ కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం రాష్ట్రం ఏర్పడ్డాక వచ్చింది కదా. చదువును కెనడా లెక్కలోకి మార్చి చెప్పే సంస్థలున్నాయి, మనవాళ్లు ఎక్కువగా వాడేది వెస్. వాళ్లు ట్రాన్స్‌క్రిప్టులు నీ చేతి నుంచి తీసుకోరు, విశ్వవిద్యాలయమే సీలు చేసి పంపాలి. కాబట్టి విజయవాడ వెళ్లాలి, వరంగల్ స్టేషన్‌లో ఎక్కితే మూడు నాలుగు గంటలు. ఇంకో తమాషా ఏమిటంటే ఆ విశ్వవిద్యాలయం పేరు 2022లో వైఎస్సార్ అని మారి, 2024లో మళ్లీ ఎన్టీఆర్ అయింది. పట్టా మీద ఒక పేరు, మధ్యలో తీసుకున్న ఏదైనా సర్టిఫికెట్ మీద ఇంకో పేరు ఉంటే దానికి వివరణ కాగితం కూడా అప్పుడే అడిగి పెట్టుకోండి. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉమ్మడి రాష్ట్రంలో చేయించుకుని ఉంటే అది ఇప్పుడు తెలంగాణ కౌన్సిల్‌కు మారిందో లేదో, రెన్యువల్ ఉందో లేదో చూడండి. నీ ఎం.టెక్‌కూ ఇదే తంతు, కాకపోతే అది అంత తొందర కాదు. వెస్ రిపోర్టు అయిదేళ్లు చెల్లుతుంది, అందుకే దీన్ని ముందే చేయించుకున్నా నష్టం లేదు.

అనుభవం సర్టిఫికెట్ దగ్గరే అసలు చిక్కు. "ఫలానా ఆమె మా దగ్గర స్టాఫ్ నర్సుగా పని చేస్తున్నది, నడవడిక మంచిది" అని రెండు లైన్లు రాసిస్తే పనికిరాదు. ఏ తేదీ నుంచి, వారానికి ఎన్ని గంటలు, జీతమెంత, రోజూ చేసే పనులేమిటి, అన్నీ ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద సంతకంతో ఉండాలి. మన దగ్గర చాలా ఆస్పత్రులు నర్సులకు జీతం కవర్‌లో పెట్టి ఇస్తాయి, పీఎఫ్ ఉండదు, స్లిప్ ఉండదు. ఆమెకు అట్లా ఇస్తుంటే వచ్చే నెల నుంచే బ్యాంకులో వేయమని అడగమను. పోతున్నామని చెప్పక్కర్లేదు, హోమ్ లోన్ కోసమని చెప్పినా సరే.

ఇంక పేర్లు. మన తెలుగువాళ్ల పేర్లు వీసా ఆఫీసర్‌కు పొడుపుకథ. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, డిగ్రీలో ఇంటిపేరు మొత్తం, ఆధార్‌లో పేరు ముందు ఇంటిపేరు వెనక, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, పెళ్లయ్యాక ఆడవాళ్లకు ఇంకో ఇంటిపేరు. మా ఆయన పేరు చివర ఒక కాగితంలో 'య్య' అనీ ఇంకోదాంట్లో 'యా' అనీ పడి, ఆ ఒక్క అక్షరం మీద మా ఫైలు నాలుగు నెలలు కదల్లేదు. తప్పు మాదే, ముందే చూసుకోలేదు. ఒక ఆదివారం మీ నలుగురి కాగితాలన్నీ చాప మీద పరిచి పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు అక్షరం అక్షరం సరిపోల్చు. ఏది మార్చడం సులువో దాన్ని మార్చు, మామూలుగా పదో తరగతి మెమోను కదిలించకుండా మిగతావి దానికి సరిచేయడం మేలు. పెళ్లి రిజిస్ట్రేషన్ లేకపోతే చేయించు, శుభలేఖా ఫోటోలూ చాలవు. పిల్లల బర్త్ సర్టిఫికెట్లలో పేర్లు ఉన్నాయా? ఆస్పత్రిలో పుట్టినప్పుడు పేరు లేకుండానే నమోదు చేసి, తర్వాత ఎవరూ చేర్పించకుండా వదిలేసినవి మన దగ్గర బోలెడు. పేరు చేర్పించడానికి 15 ఏళ్ల దాకా వీలుంది, మున్సిపల్ కార్పొరేషన్‌లో అడుగు. పాస్‌పోర్టులకు హైదరాబాద్ పోనక్కర్లేదు, వరంగల్ పోస్టాఫీసులోనే సేవా కేంద్రం ఉంది. పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్లే చెల్లుతుందని మర్చిపోకు. పోలీస్ క్లియరెన్సు మాత్రం ఇప్పుడే తీసుకోకు, దరఖాస్తు పెట్టే నాటికి అది ఆరు నెలల లోపుది అయి ఉండాలి. మెడికల్‌కు కూడా వాళ్లు గుర్తించిన డాక్టర్ల దగ్గరికే వెళ్లాలి, 2025 ఆగస్టు 21 నుంచి దాన్ని దరఖాస్తుతో పాటే జత చేయమంటున్నారు. పిలుపు వచ్చాక మీ చేతిలో ఉండేది 60 రోజులే. అందుకే ఆ 60 రోజుల్లో చేసే పని ఎంత తక్కువ మిగిలితే అంత మంచిది.

డబ్బు సంగతికి వద్దాం, లొల్లి అంతా దీని మీదనే కదా.

నలుగురి కుటుంబానికి చేతిలో 28,362 కెనడా డాలర్లు ఉన్నట్టు చూపాలి, ఇది 2025 జూలైలో సవరించిన లెక్క, ఏటా కొంత పెంచుతారు. మన రూపాయల్లో సుమారు 18 లక్షలు. ఇది ఫీజు కాదు, నీ డబ్బే, అక్కడ మొదటి ఆరు నెలలు ఇంటి అద్దెకూ తిండికీ ఖర్చయ్యేది. ఫీజులు వేరే: పెద్దవాళ్లకు 1,525 చొప్పున, పిల్లలకు 260 చొప్పున, వేలిముద్రలకు 170, మొత్తం 3,740 డాలర్లు అయ్యేది, 2024 ఏప్రిల్ ధరల ప్రకారం. రెండేళ్లకోసారి పెంచే అలవాటు వాళ్లకుంది. ఏజెంటు చెప్పిన ఆరున్నర లక్షల్లో ఈ ఫీజులు ఉన్నాయా లేవా అడిగావా? చాలాసార్లు ఉండవు.

ఆ 18 లక్షలు అప్పు తెచ్చి చూపకూడదు. బ్యాంకులో ఆరు నెలల సగటు నిల్వ చూస్తారు. చివరి నెలలో చిట్టీ పాడి, బంగారం కుదువ పెట్టి ఒకేసారి పది లక్షలు వేస్తే ఎక్కడిదని అడుగుతారు. ఇల్లు ఉంది, భూమి ఉంది అంటే లెక్కలోకి రాదు. మీ ఇద్దరి జీతాలు కలిపి అరవై వేల చిల్లర అనుకుంటే 18 లక్షలు కూడబెట్టడానికి ఎన్నేళ్లు పడుతుందో నాకు తెలుసు, అందుకే ఎకరం మాట వచ్చిందని కూడా అర్థమైంది.

కానీ ఇప్పుడు అమ్మకండి. పిలుపు రాకముందు అమ్మితే, పిలుపు రాకపోతే, భూమీ పోయింది కెనడా పోయింది. ఇంకోటి కూడా ఉంది, నువ్వు ఎన్ఆర్ఐ అయ్యాక ఇండియాలో వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు, రేపు కెనడా పౌరుడివై ఓసీఐ కార్డు తీసుకున్నా కొనలేవు. ఉన్నది ఉంచుకోవచ్చు, బాపు తర్వాత వారసత్వంగా రావచ్చు, కొత్తగా కొనడం మాత్రం లేదు. ఈ రోజు అమ్మిన ఎకరం మళ్లీ తిరిగి రాదని బాపుకు చట్టం తెలియకుండానే తెలుసు. ఆయన ఒప్పుకోకపోవడం మొండితనం అని నువ్వనుకుంటున్నావు, నాకు అట్లా అనిపించలేదు. ఆయనతో ఇట్లా మాట్లాడి చూడు: బాపూ, ఇప్పుడు అమ్మం, ముందు మీ కోడలు పరీక్ష పాసవ్వాలి, స్కోరు రావాలి, అది వచ్చిన రోజు మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం, అప్పుడు నువ్వు ఇచ్చే డబ్బుంటే దాన్ని నా పేర గిఫ్టుగా రాసిస్తే ఆ కాగితం చూపించుకుంటాను. అంతే. అప్పటిదాకా ఆ మాట ఇంట్లో ఎత్తకు. చెల్లెకు కూడా తెలియకుండా ఏదీ చేయకు, భూమిలో ఆమెకూ వాటా ఉంటుంది, పైగా రేపు అమ్మా బాపులకు జ్వరమొస్తే కరీంనగర్ నుంచి బస్సెక్కి వచ్చేది ఆమే.

డబ్బు పంపేటప్పుడు ఒక చిన్న కిటుకు. విదేశాలకు పంపే సొమ్ము ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక్కొక్కరి పాన్ మీద 10 లక్షలు దాటితే, దాటిన దాని మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ అనే పన్ను ముందే పట్టుకుంటుంది. రిటర్న్ వేస్తే తిరిగొస్తుంది కానీ సరిగ్గా అవసరమైన రోజుల్లో ఇరుక్కుపోతుంది. మీ ఇద్దరి పేర్ల మీద సగం సగం పంపితే ఆ బాధ లేదు. అందుకే మా మరదలి ఖాతాలో కూడా డబ్బు నిలవ ఉండాలి. అక్కడికి వెళ్లాక ఇక్కడి సేవింగ్స్ ఖాతాలను ఎన్ఆర్ఓగా (ఎన్ఆర్ఐల ఖాతాగా) మార్చుకోవాలి, చాలామంది ఏళ్ల తరబడి మార్చరు, తర్వాత తిప్పలు పడతారు.

అమ్మా బాపుల సంగతి. వాళ్లను వెంట తీసుకెళ్లే వీలు ఈ దరఖాస్తులో లేదు. మీరు స్థిరపడ్డాక సూపర్ వీసా మీద పిలిపించుకోవచ్చు, 2022 జూలై నుంచి ఒకసారి వస్తే అయిదేళ్ల దాకా ఉండొచ్చు, కానీ కనీసం లక్ష డాలర్ల కవరేజీ ఉన్న ఆరోగ్య బీమా ఏడాదికి తీసుకోవాలి, షుగర్ ఉన్న మనిషికి ప్రీమియం గట్టిగా పడుతుంది. నిజం చెప్పాలంటే మా అత్తమ్మ వచ్చి నాలుగు నెలలుండి, మంచు చూసి, మాట్లాడే మనిషి లేక, దసరా ముందు పంపించెయ్యమని పట్టుబట్టి వచ్చేసింది. ఇక్కడ వాళ్లకు ఏర్పాటు చేయడమే పెద్ద పని అనుకో: బాపు మందులు ఏ దుకాణం నుంచి ఇంటికి వస్తాయి, ఆరోగ్యశ్రీ ఉందా, రాత్రి పన్నెండుకు ఫోన్ చేస్తే ఎవరు వస్తారు. పక్కింటివాళ్లకు ఒక తాళం చెవి ఇవ్వు.

పిల్లల గురించి తక్కువ చెప్తాను, వాళ్లే మనకంటే తొందరగా సర్దుకుంటారు. దరఖాస్తులో ఇద్దరి పేర్లూ తప్పకుండా రాయి. బాబును ఏడాది మీ అమ్మ దగ్గర వదిలిపెట్టి వెళ్దామనుకున్నా సరే, పేరు రాసి మెడికల్ చేయించాలి. దాచిన బిడ్డను తర్వాత స్పాన్సర్ చేయనివ్వరు. టీకాల కార్డు భద్రం. ఒంటారియోలో అయితే 2010 నుంచి పుట్టిన పిల్లలకు ఆటలమ్మ టీకా కూడా స్కూలు అడుగుతుంది, మన సర్కారు టీకాల్లో అది లేదు. మా చిన్నోడికి వేయించలేదని నోటీసు వచ్చాక పరుగెత్తాం. ఇక్కడే ప్రైవేటుగా వేయించి కార్డులో రాయించు.

ఇంకో దారి కూడా మా మరదలికి చెప్పు. కెనడా ఒక్కటే దేశం కాదు. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ హైదరాబాద్‌లో ఉంది, నర్సులకు జర్మన్, జపాన్ భాషలు నేర్పించి అక్కడి ఆస్పత్రులకు పంపే కార్యక్రమాలు నడిపింది. న్యూజిలాండ్‌లో రిజిస్టర్డ్ నర్సుగా ఉద్యోగం వస్తే నేరుగా రెసిడెన్స్‌కే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇవన్నీ ఆమె డిగ్రీ మీద తెరుచుకునేవే. నీ వైపు నుంచి ఒకే ఒక్క దారి నాకు కనిపిస్తోంది, ఫ్రెంచ్. ఫ్రెంచ్ వచ్చినవాళ్ల డ్రా 2025 మార్చిలో 379 దాకా దిగింది, నీ 430కి అది అందేది. కానీ మొదటి అక్షరం నుంచి ఆ స్థాయికి రావాలంటే రెండేళ్ల కష్టం, జీతం రెండు నెలలకోసారి ఇచ్చే కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ. చేయగలనంటే మొదలుపెట్టు, ఖర్చు పెద్దగా లేదు. ఇద్దరూ విడివిడిగా ప్రొఫైల్ పెట్టుకోవచ్చు, ఎవరికి ముందు పిలుపొస్తే వాళ్ల మీద అందరూ వెళ్లొచ్చు. ఏ పుట్టినరోజు దాటినా వయసు పాయింట్లు అయిదు తగ్గుతాయి, ఆ సంగతి మాత్రం మనసులో ఉంచుకో.

నెలాఖరుకు ఆ కన్సల్టెన్సీ వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తారు, ఆఫర్ ఇవాళ్టితో అయిపోతోందని అంటారు. అయిపోనివ్వు. నువ్వు ఆ రోజు సెలవు పెట్టి మా మరదలితో కలిసి విజయవాడ రైలెక్కు, మార్కుల మెమోలు జిరాక్సులు మూడు సెట్లు పట్టుకుపోండి. ఆమె ఐఈఎల్‌టీఎస్ రాసి మార్కులొచ్చాక మళ్లీ ఉత్తరం రాయండి, ఈసారి ఆమెనే రాయమను.